ఆటోక్రాస్: చిన్నకారు పందెము



మన బాల్యమున ఊరిలోనికి మోటారు వచ్చినచో పిల్లలందఱు దాని వెంట ధూళిలో పరుగెత్తుచుండిరి. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో కారు వింతవస్తువు కాదు. గల్ఫుదేశములకు పోయి కష్టించి కూడబెట్టిన సొమ్ముతోనో, పసుపు పంట అమ్మిన సొమ్ముతోనో, అప్పుతోనో పల్లెలలోని యువకులు సయితము కార్లు కొనుచున్నారు. కారు వచ్చిన యింట వేగము కూడ వచ్చును. ఆ వేగమును గూర్చియే నేటి ప్రసంగము.

కొంతకాలము క్రిందట కోరుట్ల చెంత నొక గ్రామమునకు పోయి యుండగా, అచ్చటి వృద్ధ గృహస్థు ఒకరు నన్ను తమ అరుగుమీద కూర్చుండబెట్టి యిట్లనిరి: "అయ్యా, మా మనుమడు దుబాయినుండి వచ్చి చిన్నకారు కొనినాడు. రాత్రి పదిగంటలు దాటగనే స్నేహితులతో జగిత్యాల రోడ్డుమీదికి పోవుచున్నాడు. ఎవరి కారు ముందు పోవునో చూచుకొందురట. తాళపుచెవి దాచితిని, రెండవ చెవి చేయించుకొనినాడు. మందలించినచో, 'తాతా, ఇదియు ఒక ఆటయే, దేశదేశములలో ఆడుచున్నారు' అనుచున్నాడు. ఇది నిజముగా ఆటయా, మా యింటికి వచ్చిన యాపదయా? మీరే చెప్పుడు."

రెండును నిజమే యని నేను చెప్పితిని. రోడ్డుమీద అది యాపద. హద్దులు గల మైదానములో, నియమముతో, ఒకరి తరువాత ఒకరుగా నడిపినచో అది ఆట. ఆ యాటకు 'ఆటోక్రాస్' అని పేరు. అది యెట్టిదో, దానికి కారు నెట్లు సిద్ధపఱుతురో, ఎట్లు నడుపుదురో తెలిసికొన్న పెద్దలకు యువకులతో మాటాడుట సులభమగును. ఏమియు తెలియక 'వద్దు' అన్న మాటకును, అంతయు తెలిసి 'ఇక్కడ వద్దు, అక్కడ ఆడుము' అన్న మాటకును బలములో చాల భేదము గలదు.

ఆటోక్రాస్ అనగా నేమి? విశాలమైన చదునునేలపై, పోలీసువారు వీధిలో నిలుపు నారింజవన్నె శంకువులను వరుసలుగా నిలిపి, వాని నడుమ వంకరటింకర బాట నేర్పఱుతురు. ఆ బాటలో ఒక్కసారికి ఒక్క కారు మాత్రమే పోవును. పోటీ గడియారముతోనే గాని మఱియొక కారుతో గాదు. ఇంగ్లండులో ఈ యాట పచ్చికబయళ్లలోను కోసిన పొలములలోను పెరిగినది. అమెరికాలో వాడుకలో లేని విమానాశ్రయములు, కార్లు నిలుపు విశాల ప్రాంగణములు దీనికి నెలవులైనవి. మన దేశమున మట్టినేలపై జరుపుట కూడ వాడుక. బాట సాధారణముగా ఒక కిలోమీటరు లోపుగా నుండును. దానిని ముగించుటకు ఒక నిమిషమునకు అటునిటుగా పట్టును. మలుపులు దగ్గఱదగ్గఱగా నుండుటచే వేగము పెద్ద రోడ్లమీది వేగమును మించదు.

ప్రతివానికిని కొన్ని అవకాశములిత్తురు. వానిలో ఉత్తమమైన కాలమునే లెక్కింతురు. శంకువును తాకి పడద్రోసినచో దండనము గలదు. అమెరికాలోని స్పోర్ట్స్ కార్ క్లబ్బువారి నియమము ప్రకారము ఒక్కొక్క శంకువునకు 2 సెకండ్లు కలుపుదురు. బాట తప్పి తప్పుదారిని పోయినచో ఆ పరుగు లెక్కకు రాదు. 60 సెకండ్లలో వచ్చి ఒక శంకువును పడగొట్టినవాడు 62 సెకండ్ల వాడగును. 61 సెకండ్లలో నిర్దుష్టముగా వచ్చినవాడు వానిని గెలుచును. ఈ యొక్క లెక్కలోనే ఈ యాట నేర్పు నీతి యంతయు గలదు. త్వరపడువానికంటె తప్పు చేయనివాడే ముందుండును. జాతరలో గుడిచుట్టు బండ్లు తిరుగునప్పుడు ఎడ్లను తఱిమినవానిని మెచ్చుకొనము. ఇరుకుసందున చక్రము దేనికిని తాకకుండ త్రిప్పినవానినే మెచ్చుకొందుము. ఇదియు అట్టిదే.

ఈ యాటకు అన్ని కార్లలోను చిన్నకారే అనుకూలము. వెనుకతలుపు పైకి తెఱచుకొనునట్టి పొట్టి కారును 'హ్యాచ్‌బ్యాక్' అందురు. అట్టి తేలికకారులో బలమైన యింజను నమర్చినచో దానిని 'హాట్ హ్యాచ్‌బ్యాక్' అందురు. జర్మనీదేశపు ఫోక్స్‌వాగన్ వారు 1975లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనములో చూపి, మఱుసటి సంవత్సరము విక్రయమునకు తెచ్చిన గోల్ఫ్ జి.టి.ఐ. ఈ జాతిని లోకప్రసిద్ధము చేసెను. దాని యింజను 1588 ఘనసెంటీమీటర్లు, బలము 110 గుఱ్ఱములు, బరువు సుమారు 800 కిలోగ్రాములు. మన దేశమున 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చి సామాన్య గృహస్థునకు కారు నందించెను. 2005లో స్విఫ్ట్ వచ్చెను. 2013లో వచ్చిన పోలో జి.టి. టి.ఎస్.ఐ. 1197 ఘనసెంటీమీటర్ల చిన్న యింజనుతోనే 105 గుఱ్ఱముల బలము నిచ్చుటచే యువకుల మనస్సులను దోచెను. పోలో కార్ల తయారీ ఈ దేశమున 2022లో నిలిచిపోయినను, పాత కార్లను వెదకి కొనువారు గలరు. 2021లో హుండై వారి ఐ20 ఎన్ లైన్ వచ్చినది. ఇట్టి కార్లే మన జిల్లాల రోడ్లమీదను తిరుగుచున్నవి.

ఈ విద్య తెలుగువారికి కొత్తది కాదు. కోయంబత్తూరున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో, నూలుమిల్లుల యజమానుల యింట పుట్టిన కరివర్ధన్ గారు మారుతీ 800 యింజనుతో తేలికయైన పందెపుకార్లను నిర్మింపజేసి, తక్కువ వ్యయముతో యువకులు పోటీలయందు పాల్గొనునట్లు చేసిరి. ఆయన 1995లో విమానప్రమాదమున మరణించిరి. కోయంబత్తూరు చెంతనున్న కరి మోటార్ స్పీడ్‌వే అను 2.1 కిలోమీటర్ల పందెపుబాట ఆయన పేరనే వెలసినది. ఆ యూరివాడే యైన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను. మద్రాసు చెంత షోళవరమున, యుద్ధకాలమునాటి విమానపుబాటమీద ఏండ్లతరబడి పందెములు జరిగెను. తరువాత 1990లో ఇరుంగాట్టుకోటలో ప్రత్యేకమైన బాట ఏర్పడెను. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరు తీరమున విద్యుత్కార్ల ప్రపంచ పందెము జరుగగా, ఫ్రాన్సు దేశీయుడైన జ్యాఁ ఎరిక్ వెర్న్ గెలిచెను. నూలు వడికిన కుటుంబమునుండి పందెపుకార్లు పుట్టినవి. మగ్గముల ఊరైన సిరిసిల్ల యువకులకు యంత్రమనిన ప్రీతి యుండుటలో వింత యేమున్నది?

ఇక మూలసూత్రమును విన్నవించెదను. కారు నేలను తాకునది నాలుగుచోట్లనే. ఒక్కొక్క టైరు నేలపై మోపు భాగము ఇంచుమించుగా ఒక అరచేయి యంత యుండును. వేగము పెంచుట, నిలుపుట, మలుపుట ఈ మూడుపనులును ఆ నాలుగు అరచేతుల పట్టుతోనే జరుగవలెను. ఆ పట్టును ఒక రూపాయి యనుకొనుడు. పదునాఱణాలును బ్రేకునకే ఖర్చుపెట్టినచో మలుపునకు మిగులునది లేదు. అందుచేతనే మలుపులో భయపడి బ్రేకును గట్టిగా నొక్కినవాని కారు, స్టీరింగు ఎంత త్రిప్పినను వినక, తిన్నగా పోయి చెట్టును తాకును. లెక్క సరిగా అణాపైసలవలె నుండకపోయినను, భావమిదియే: ముందు బ్రేకు, తరువాత మలుపు, ఆ పిమ్మట వేగము.

రెండవది బరువు సంగతి. బండికి వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచుననియు, ముందెక్కువైనచో ఎడ్ల మెడలమీద పడుననియు మీకు తెలియును. కారులో ఈ బరువు ఒక్కచోట నిలువదు. ప్రతి క్షణము జరుగుచుండును. 1000 కిలోల కారు నిలిచియున్నప్పుడు ముందుచక్రములపై 600, వెనుకచక్రములపై 400 కిలోలు మోపుచున్న దనుకొనుడు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సుమారు 160 కిలోల భారము వెనుకనుండి ముందునకు జరుగును. అప్పుడు ముందు 760, వెనుక 240 కిలోలే. వెనుకచక్రములు ఇట్లు తేలికయై యున్న క్షణమున స్టీరింగును చటుక్కున త్రిప్పినచో కారు వెనుకభాగము జాఱి గిరగిర తిరుగును. ఈ బరువు మార్పును మెల్లగా, ఊయెల నూపినట్లు చేయుటయే నడుపువాని నేర్పు.

కారును సిద్ధపఱచుట యనిన చాలమంది యువకులు పెద్దధ్వని చేయు పొగగొట్టమును బిగించుట యనుకొందురు. అది పొరపాటు. మొదట చూడవలసినవి నిలుపుసాధనములు. బ్రేకుపట్టీలు అరిగియున్నచో మార్పింపవలెను. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొను గుణము గలది. పాతదైనచో వేడికి అందలి నీరు ఆవిరియై, పెడలు మెత్తబడి, కావలసిన వేళ బ్రేకు పట్టదు. కావున పోటీకి ముందు కొత్త నూనె పోయింపవలెను. ఈ యొక్క పనికి అగు ఖర్చు పొగగొట్టపు ఖర్చులో కొంతయే, ఫలము ప్రాణమంత.

రెండవది టైర్లు. యింజనునకు వేయి ఖర్చుపెట్టుటకంటె టైర్లకు నూఱు ఖర్చుపెట్టుట మేలు. గాలి ఎంత యుండవలెనో కారు తలుపుచెంత అంటించిన చీటిలో నుండును. ఉదయమున, టైరు చల్లగా నున్నప్పుడు కొలువవలెను. మన ప్రాంతపు వేసవిలో టైరు వేడెక్కినకొలది లోపలి గాలి పొంగును; వేడి 5 లేక 6 డిగ్రీలు పెరిగినచో గాలియొత్తిడి సుమారు ఒక పౌను పెరుగును. గాలి సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు సులువైన యుపాయమొకటి కలదు. టైరు అంచున, నేల తాకు భాగమునుండి ప్రక్కగోడవఱకు సుద్దముక్కతో గీత గీయవలెను. ఒక పరుగు ముగిసిన పిమ్మట చూచినచో, సుద్ద ప్రక్కగోడమీదికి కూడ చెఱగిపోయినయెడల గాలి చాలలేదని అర్థము. టైరు ఒరిగి ప్రక్కపై నడచుచున్నది. అంచు చేరకముందే సుద్ద మిగిలియున్నచో గాలి ఎక్కువైనది. ఒక్కొక్క పౌను మాత్రమే హెచ్చించియో తగ్గించియో మరల చూడవలెను.

మూడవది, వదులుగా నున్న వస్తువులు. కారులోని నీళ్లసీసాలు, జాకీ, అడుగుపట్టాలు, డ్యాష్‌బోర్డుమీది దేవుని ప్రతిమ సయితము తీసి భద్రముగా పెట్టవలెను. మలుపులో దొర్లిన సీసా బ్రేకు పెడలు క్రింద చేరినచో ఏమగునో చెప్పనక్కఱలేదు. నాల్గవది, బిగింపులు. చక్రపు నట్లను కంపెనీవారి పుస్తకములో వ్రాసిన కొలత ప్రకారము కొలతపానాతో బిగింపవలెను, బ్యాటరీ కదలరాదు, యింజనునూనె, చల్లబఱచు నీరు సరిగా నుండవలెను, కాలు తీసినవెంటనే ఆక్సిలేటరు తనంత తాను పైకి రావలెను. బండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన పెట్టి, చీలలు చూచుట మన పెద్దల యాచారము. ఇదియు దానివంటిదే. పోటీ జరుపువారి పరీక్షకుడు ఇవియన్నియు చూచి, శిరస్త్రాణమును, నడుముపట్టీని పరీక్షించి, అంగీకరించిన పిమ్మటనే కారును బాటలోనికి పోనిచ్చును. ఈ పరీక్షకు ఇష్టపడనివాడు ఆ యాటకు తగడు.

కారును మార్చుటలో చట్టపు హద్దొకటి గలదు. రోడ్డుమీద తిరుగు వాహనమును, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు యజమాని మార్పరాదని 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. కావున ప్రారంభకునకు మార్పులే వలదు. బాగుగా కాపాడబడిన మామూలు కారే మొదటి గురువు.

నడుపుటకు ముందు నడువవలెను. అనగా, శంకువుల బాటను కాలినడకతో రెండు మూడు సార్లు తిరిగి, మలుపుల క్రమమును కన్నులు మూసికొన్నను కనబడునట్లు జ్ఞాపకముంచుకొనవలెను. ఎక్కడ కంకర గలదు, ఎక్కడ నేల వాలియున్నది, ఏ మలుపు తరువాత పొడుగైన దారి వచ్చును, ఇవి నడకలోనే తెలియును. పొడుగైన దారికి ముందున్న మలుపే ముఖ్యము. దానిలోనుండి చక్కగా బయటపడినవాడు దారి పొడుగునను లాభమొందును.

కూర్చుండు విధము కూడ ముఖ్యమే. వీపు ఆసనమునకు ఆని యుండగా, చేయి చాచినచో మణికట్టు స్టీరింగు పైయంచున పడవలెను. చేతులు గడియారములో తొమ్మిది, మూడు అంకెలున్న చోట్ల నుండవలెను. చూపు మాత్రము దూరముగా, రాబోవు రెండవ శంకువుమీద నుండవలెను. ఎడ్లబండి తోలువాడు ఎడ్ల తోకలను చూచి తోలునా? దారిని చూచి తోలును. చూపు ఎక్కడనో కారు అక్కడకే పోవును. తాకుదునేమో యని శంకువునే చూచువాడు దానినే తాకును.

మలుపునందు బాటను ఎంత వెడల్పుగా వాడుకొన్న నంత మేలు. పది మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో మంచి పొడినేలపై గంటకు సుమారు 32 కిలోమీటర్ల వేగమున పోవచ్చును. వెలుపలియంచునుండి ప్రవేశించి, లోపలి శంకువును ఒరసికొనునట్లు పోయి, మరల వెలుపలికి వచ్చి, అదే మలుపును పదునైదు మీటర్ల వ్యాసార్ధముగా చేసికొన్నయెడల 39 కిలోమీటర్ల వేగము సాధ్యమగును. యింజనుబలము కొంచెమైనను పెరుగలేదు. దారి యెన్నికచేతనే ఏడు కిలోమీటర్లు లభించెను. మలుపులోనికి మెల్లగా పోయి, వెలుపలికి వేగముగా రావలె నన్నది ఈ విద్యలో మొదటి పాఠము.

ఈ చిన్నకార్లలో చాలవానికి యింజనుబలము ముందుచక్రములకే చేరును. త్రిప్పుటయు అవియే చేయవలెను. రెండుపనులు ఒకే యెద్దుపై మోపినట్లగును. మలుపులో ఆక్సిలేటరు ఎక్కువ నొక్కినచో ముందుచక్రములు జాఱి, కారు వెడల్పుగా పోవును. అప్పుడు స్టీరింగును ఇంకను త్రిప్పుట వ్యర్థము. కాలును కొంచెము సడలించి, చక్రమును కొంచెము తిన్నన చేసినచో పట్టు మరల దొరకును. కాని కాలును ఒక్కసారిగా తీసివేయరాదు. తీసినచో బరువు ముందునకు దూకి, వెనుకభాగము జాఱును. అట్లు జాఱినప్పుడు బ్రేకు తొక్కక, వెనుకభాగము ఏ దిక్కునకు పోవుచున్నదో ఆ దిక్కునకే స్టీరింగును త్రిప్పి, చూపును పోవలసిన చోట నిలుపవలెను. మైదానములో ఈ తప్పు చేసినవానికి రెండు శంకువులు పడును, స్నేహితులు నవ్వుదురు. రోడ్డుమీద ఇదే తప్పు చేసినవానికి రెండవ యవకాశము దొరకకపోవచ్చును. మైదానమున నేర్చుకొనుటలోని మేలు ఇదియే.

వరుసగా నిలిపిన శంకువులను అటొకటి ఇటొకటిగా దాటుచు పోవుటయు నొక పరీక్ష. మగ్గములో నాడె అటునిటు తిరుగునట్లు కారు తిరుగవలెను. నాడె లయ తప్పినచో నూలు తెగును. ఇచ్చట లయ తప్పినచో శంకువు పడును. మొదటి శంకువు దాటిన పిమ్మట త్రిప్పుదమనుకొన్నవాడు రెండవదానికి ఆలస్యమగును, మూడవదానికి మఱింత యాలస్యమగును, నాల్గవది పడిపోవును. కావున ఎప్పుడును శంకువును చేరకమునుపే మలుపు నారంభింపవలెను. మొదటి పరుగు మెల్లగా, తప్పులేకుండ పోవలెను. తరువాతి పరుగులలో కొంచెము కొంచెముగా వేగము కూర్చుకొనవలెను.

ఇక రోడ్డు సంగతి. బహిరంగస్థలమున ప్రభుత్వపు వ్రాతమూలకమైన యనుమతి లేక పందెములు జరుపుట నేరమని పైచట్టము 189వ సెక్షను చెప్పుచున్నది. 2019 నాటి సవరణ ప్రకారము మొదటి తప్పునకు 3 నెలలవఱకు ఖైదు గాని, 5,000 రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని. మరల చేసినచో ఒక సంవత్సరమువఱకు ఖైదు గాని, 10,000 రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు వాహనము నడిపి నేరము చేసినచో, 199-ఏ సెక్షను ప్రకారము సంరక్షకుడో, వాహన యజమానియో, తనకు తెలియక జరిగినదని గాని, వారింప ప్రయత్నించితినని గాని నిరూపింపని యెడల, 3 సంవత్సరములవఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాను అనుభవింపవలసి వచ్చును. వాహనపు రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు దొరకదు. పిల్లవానికి తాళపుచెవి ముద్దుగా నిచ్చు తాతలు ఈ మాటను మఱువరాదు. ఇంతేకాక, సాధారణ భీమాపత్రములు పందెములందు కలిగిన నష్టమునకు వర్తింపవు.

వేగము, బరువు, వాలు ఈ మూడింటి సంగతి మన జిల్లాకు వేఱుగా చెప్పనక్కఱలేదు. 2018 సెప్టెంబరు 11వ తేదీన కొండగట్టు ఘాటురోడ్డుమీద, క్రిక్కిఱిసిన బస్సు దిగివచ్చుచు లోయలో పడి, అరువదిమందికి పైగా మరణించిరి. అది పందెము కాదు, ఎవరి వేడుకయు కాదు. అయినను బరువుగల వాహనము తన పట్టును కోల్పోయినచో నేమగునో ఆ దినమున కన్నీటితో తెలిసికొంటిమి. ఆ గ్రామములలో ఇప్పటికిని దీపము పెట్టుటకు చేయి వణకు నిండ్లు గలవు. ఆ త్రోవను పోవు ప్రతి యువకుడును దానిని తలపవలెను.

ఆటోక్రాస్ ఆడదలచినవారు ఏమి చేయవలెను? దేశమున మోటారు క్రీడలను పాలించునది మోటారు క్రీడాసంఘముల సమాఖ్య, 1971లో స్థాపింపబడినది. దాని గుర్తింపుగల సంఘముల ద్వారా పోటీలు జరుగును. పోటీలో పాల్గొనువారికి సమాఖ్య ప్రత్యేకమైన లైసెన్సు నిచ్చును. అట్టి పోటీలో అంబులెన్సు, మంటలార్పు సాధనములు, జెండాలు చూపువారు, ప్రేక్షకులను దూరముగా నిలుపు కంచె తప్పక యుండవలెను. ఇవి లేనిచోట పందెము జరిగినచో అది పందెము కాదు, గుంపు. కొండగట్టు చెంతనున్న నాచుపల్లి యింజనీరింగు కళాశాలవంటి విద్యాస్థానములు మన జిల్లాలోనే గలవు. యంత్రశాస్త్రము చదువు విద్యార్థులతో కూడి యువకులు క్రమముగా నొక సంఘము పెట్టుకొనుట అసాధ్యము కాదు. అనుమతి, స్థలము, పెద్దల మాటసాయము కావలెను. ఆ మూడవది మీచేతిలో నున్నది.

కోరుట్ల చెంత గ్రామపు కథను ముగించి సెలవు తీసికొనెదను. ఆ సాయంకాలము మనుమడు వచ్చెను. బుద్ధిమంతుడే, మాటలో మర్యాద గలవాడు. నేనతనిని మందలింపలేదు. "నాయనా, గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా ఎదుట బఱ్ఱె అడ్డము వచ్చినచో ఎంతలో నిలుపగలవు?" అని యడిగితిని. "పది పదునైదు అంగలలో నిలుపుదును" అనెను. అప్పుడు లెక్క చేసితిమి. 40 కిలోమీటర్ల వేగమున, కన్ను చూచి కాలు బ్రేకును చేరులోపల ఒక సెకండు గడచినచో కారు 11 మీటర్లు పోవును, తరువాత నిలుచుటకు మంచినేలపై 9 మీటర్లు కావలెను, మొత్తము 20. వేగము రెట్టింపై 80 అయినచో, ఆ సెకండులో 22 మీటర్లు, నిలుచుటకు రెట్టింపు కాదు, నాలుగింతలు, 36 మీటర్లు, మొత్తము 58.

"అంత దూరమెట్లగును, తాతా?" అని యతడు నవ్వెను. వృద్ధులు మాటాడక లేచి, చేతికఱ్ఱ పట్టుకొని, తమ వాకిటినుండి అంగలు లెక్కపెట్టుచు రోడ్డువెంట నడచిరి. ఆయన నడక చిన్నది. ఎనుబది యంగలు దాటిన పిమ్మట గాని ఆ దూరము నిండలేదు. ఆయన నిలిచినచోటు ఊరి పాఠశాల వాకిలి. అచ్చటనుండి వెనుకకు తిరిగి చూచిరి. మనుమడు వాకిటనే నిలిచి చూచుచుండెను. ఇరువురి నడుమ రోడ్డుమీద ఒక చిన్నపిల్ల మేకపిల్లను తోలుకొనుచు దాటిపోయెను. ఎవరును ఏమియు అనలేదు.

ఆ రాత్రి అతడు రోడ్డుమీదికి పోలేదని వృద్ధులు తరువాత కబురు పంపిరి. ఆ పిమ్మటి రాత్రుల సంగతి ఆ యింటివారే చూచుకొనవలెను; ఒక్క లెక్కతో యౌవనము మారునని చెప్పజాలను. కాని అతడు నన్నడిగిన కడపటి ప్రశ్న మాత్రము నాకు సంతోషము కలిగించెను: "అయ్యా, శంకువులు ఎక్కడ దొరకును?"

మీ గ్రామమునందును ఇట్టి మనుమడుండవచ్చును. వాని తాళపుచెవి దాచుటకు ముందు, వానితో కలిసి ఒక్కసారి ఆ ఏబదియెనిమిది మీటర్లు నడువుడు.